ఏడో నంబరు మెడ

“ఈ మెడతో బండి లాగొచ్చు,” అంటూ డాక్టరు నాలుగో ఎక్స్‌రే ఫిల్మును లైటు పెట్టె మీంచి లాగి బల్ల మీద పడేశాడు. “రాసుకో. కాదు.”

గుమాస్తా నాలుగో నంబరు ఎదురుగా ‘కాదు’ అని రాసింది. పదకొండేళ్ళుగా ఆమె రాస్తున్నది దాదాపు ఆ ఒక్క మాటే. నగరపాలక సంస్థలో జీతం తీసుకునేవాళ్ళు, తోటపనివాళ్ళ దగ్గర్నుంచి బడి టీచర్ల దాకా, ఒళ్ళు సహకరించక కూర్చుని చేసే పని ఇప్పించమని అడిగితే ఈ గది దాటాల్సిందే. దాటినవాళ్ళు బహు తక్కువ. ఉద్యోగులు ఆయనకు ‘కాదు డాక్టరు’ అని పేరు పెట్టారు. ఆ సంగతి తెలిసినప్పుడు ఆయన సిగ్గుపడలేదు సరికదా, మురిసిపోయాడు. ఆయన మీద గుమాస్తాకు మొదట్లో కోపం ఉండేది. ఇప్పుడది కూడా దండగనిపించి, అసహ్యంతో సరిపెట్టుకుంటోంది.

సిఫార్సులంటే ఆయనకు ఒళ్ళుమంట. అందుకని తనే ఒక నియమం పెట్టాడు. ఫిల్ముల మీదా, దరఖాస్తుల మీదా పేరూ ఉద్యోగమూ కనపడకుండా నల్ల టేపు అంటించి, పైన నంబరు వేయాలి. సంతకం కాకముందు ఎవరి పేరైనా ఆయన చెవిన పడిందా, ఆ దరఖాస్తు అక్కడికక్కడే రద్దు. టేపు అంటించేది గుమాస్తా కాబట్టి పేర్లన్నీ ఆమెకు తెలుసు. తెలిసి ఏం లాభం, నోరు మెదపకూడదు.

ఐదో నంబరు చూస్తుండగా ఆయన భార్య ఫోన్ చేసింది. అవతల పిల్లల గోల, బడి గంట వినిపిస్తున్నాయి. పని ఎంతవరకూ వచ్చిందని అడిగినట్టుంది, సగమైందని చెప్పి పెట్టేశాడు. పొద్దుటి నుంచి ఇది మూడోసారనీ, పాఠాలు చెప్పుకోక ఈ ఆరాలెందుకనీ విసుక్కున్నాడు. ఆ విసుగులోనే ఐదూ ఆరూ కూడా ‘కాదు’ అయిపోయాయి.

నలభై దాటాక ప్రతి మెడా అరుగుతుందనీ, అరిగినవాళ్ళందరికీ కుర్చీలు వేస్తూ పోతే చెట్లకు నీళ్ళెవరు పోస్తారనీ ఆయన వాదన. ఆయన ఇంట్లో కూడా ఎవరూ నొప్పి అనరట. అనడం మానేయించానని గర్వంగా చెప్పుకునేవాడు.

ఏడో నంబరుకు రెండు ఫిల్ములున్నాయి. ఒకటి తల నిటారుగా పెట్టి తీసింది, రెండోది గడ్డం గుండెకు ఆనేలా వంచి తీసింది. వాటితో బయటి డాక్టరు రాసిన ఉత్తరం, దాని మీది పేరుకూ టేపు. కీళ్ళవాతం పదేళ్ళుగా ఉందనీ, తల వంచితే మెడ పైభాగంలోని ఎముకలు జారుతున్నాయనీ, నిలబడి చేసే పనిలో ఎవరో వచ్చి గుద్దుకున్నా కాళ్ళూ చేతులూ పడిపోవచ్చనీ అందులో ఉంది. డాక్టరు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చదివాడు. భయపెట్టకపోతే బయటివాళ్ళకు పూట గడవదని నవ్వి, నిటారు ఫిల్మును లైటు మీద పెట్టి నాలుగు క్షణాలు చూశాడు.

“కాస్త అరుగుదల. వయసు మరి. కాదు.”

గుమాస్తా కలం కదలలేదు. టేపు అంటించేటప్పుడు రెండో ఫిల్మును ఆమె కిటికీ వెలుగులో చూసింది. ఎముకల మధ్య సందు చిటికెన వేలు దూరేంత ఉంది. ఆ దరఖాస్తు ఇచ్చిన మనిషి కళ్ళలో నీళ్ళు కూడా ఆమె చూసింది. పేరు తెలియకపోతేనైనా డాక్టరు ఎముకను ఎముకలా చూస్తాడేమోనని ఆశపడి, ఎవరికీ చెప్పొద్దని గుమాస్తా చేత ఒట్టు వేయించుకుని మరీ వెళ్ళారు.

“రెండోది కూడా చూడండి సార్. వంచి తీసిందాంట్లోనే ఆ సందు కనపడేది.”

“ఎముక నిలబడ్డా ఎముకే, వంగినా ఎముకే. నువ్వెప్పుడు చదివావమ్మా వైద్యం?”

“చదవలేదు సార్. ఒక్కసారి లైటు మీద పెడితే చాలు.”

డాక్టరు కుర్చీ వెనక్కి జరిపి ఆమెను ఎగాదిగా చూశాడు. ఆమె ఎడమ చెయ్యి తన మెడ మీదే ఉంది. ఆయనకు విషయం దొరికిపోయింది.

“ఈ ఏడో నంబరు నీదేనా?”

“కాదు సార్.”

“పోనీ, మీవాళ్ళదా?”

“మావాళ్ళది కాదు సార్.”

“అయితే నీకెందుకింత ఆరాటం?”

పేరు ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే దరఖాస్తు రద్దు, చెప్పకపోతే ‘కాదు’. రెండోది ఒక్కసారి చూడమని చేతులు జోడించింది. ఆయన ఆ రెండో ఫిల్మును తీసి, కనీసం వెలుగుకైనా పట్టకుండా, కవరులోకి తోసేశాడు. ఇలా జాలిపడేవాళ్ళ వల్లే సంస్థ సోమరిపోతులతో నిండిపోయిందని అన్నాడు. గుమాస్తా తల దించుకుని ఏడో నంబరు ఎదురుగా ‘కాదు’ అని రాసింది.

ఎనిమిది, తొమ్మిది, పది మరో పావుగంటలో తెమిలిపోయాయి. డాక్టరు జాబితా కింద సంతకం గీకి, కలం మూత బిగించాడు. ఈ సంతకం పడ్డాక ఏడాది దాకా ఎవరూ మార్చలేరనీ, తను మారుద్దామన్నా కుదరదనీ ఎప్పటిలాగే గుర్తుచేశాడు. ఆయనకు మంచి హుషారుగా ఉంది.

“ఇక టేపులు తియ్యి. ముందు ఆ ఏడో నంబరు తియ్యి. నీచేత దణ్ణం పెట్టించిన ఘనులెవరో నేనూ చూస్తాను.”

గుమాస్తా గోటితో టేపు అంచు లేపి, కాగితం చిరగకుండా మెల్లగా లాగింది. దరఖాస్తును ఆయన వైపు తిప్పి పెట్టింది. డాక్టరు ఇంకా నవ్వుతూనే కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగాడు.

అక్కడ ఉన్నది ఆయన భార్య పేరు.