పెనుకొండలో రైడ్

“మేడమ్, పెనుకొండలో రైడ్ జరిగింది. కాపీ సీడీలు దొరికినోళ్ళను జైల్లో ఏస్తాండారు. సాయంత్రానికి హిందూపురం వస్తారంట!”

బావిలోంచి వచ్చినట్టున్న గొంతు అంతమాత్రం చెప్పి ఫోన్ పెట్టేసింది.

హిందూపురంలో అశ్విని వెంటనే, తనలాగే గేమ్ సెంటర్ నడిపే పెనుకొండ మధుకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. పక్కనున్న టీ కొట్టుకు చేస్తే, మధు పొద్దున్నే ఏదో ఫోనొస్తే షట్టర్ దించి ఎటో పోయాడన్నారు.

“నిజమే నాయనా,” అంది తండ్రి ముత్యాలప్పతో.

“మరి రేపటి పోటీ?”

ఆదివారం కారు రేసు పోటీ అని ఊరంతా బ్యానర్లు కట్టింది అశ్విని. నలభై మంది పేర్లిచ్చారు. తన గేమ్ సెంటర్‌లోని ఆరు కంప్యూటర్లలో ఆటలన్నీ కాపీలే. రేపు పోటీ జరగకపోతే మళ్ళీ ఆ గడప ఎవరూ తొక్కరు.

“పోటీ జరుగుతాది. ముందు మనం జైలు బయట ఉండాల గదా!” అంది ధీమాగా.

గంటన్నరలో కంప్యూటర్లలోని ఆటలన్నీ తీసేసింది. ముత్యాలప్ప సీడీలు విరిచి, ఎండిన పెన్నలో పూడ్చి వచ్చాడు.

“పోలీసు స్టేషన్లో ఎవరినన్నా అడిగి చూద్దామా పాపా?”

“ఏమని? మా దగ్గర కాపీ సీడీలుండాయి, మీరెప్పుడొస్తాండారు అనా? దొంగకు తేలు కుట్టినట్టుండాది మన పని.”

సాయంత్రం నల్ల బ్యాగుతో ఎవరో తలుపు తోశారు. ముత్యాలప్ప గబుక్కున లేచి చేతులు జోడించాడు. తీరా చూస్తే క్రాంతి కుమార్, నెలకోసారి బస్సులో వచ్చి సీడీలు అమ్మేవాడు.

“ఏమక్కా, ఇట్లుండారు?”

సంగతంతా విని అతను పచ్చ చేతిరుమాలుతో ముఖం తుడుచుకున్నాడు.

“అదా! వాళ్ళు మడకశిర మీద వెనక్కి పోయినారంట. బస్టాండులో అనుకుంటాండారు. ఇంగ ఈడికి రారు.”

అశ్వినికి ప్రాణం లేచొచ్చింది. “కారు రేసు ఉండాదా?”

“అన్నీ ఉండాయి. ధరే రెండింతలైంది. రైడ్లు గదక్కా!”

రూపాయికి గీసి గీసి బేరమాడే అశ్విని ఈసారి నోరెత్తకుండా ఇచ్చేసింది. “దేవునిలాగా వచ్చినావప్పా,” అంటూ ముత్యాలప్ప కాఫీ తెప్పించాడు.

కాఫీ తాగి, క్రాంతి కుమార్ బస్టాండు దగ్గరి ఎస్టీడీ బూత్‌లోకి వెళ్ళాడు. ధర్మవరం నంబరు నొక్కి, రిసీవరుకు పచ్చ చేతిరుమాలు చుట్టాడు.

“సార్, హిందూపురంలో రైడ్ జరిగింది!”