నీలం ఒక చుక్క తక్కువ

మాస్టారు లోపలికి అడుగు పెట్టగానే మాటలు ఆగిపోయాయి.

రంగుల షాపు యజమాని గబుక్కున పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన కోడలు ల్యాప్‌టాప్ మూత సగం దించింది. ముప్ఫై రెండేళ్లుగా ఆ షాపులో రంగులు కలుపుతున్న మనిషికి, మాటలు తన గురించేనని ఒకరు చెప్పక్కర్లేదు.

కోడలు వెబ్‌సైట్లు తయారుచేస్తుంది. ఇప్పుడు షాపు కోసం ఏదో ప్రోగ్రాం రాస్తోంది. ఏ రంగు కావాలంటే ఏవి ఎన్ని చుక్కలు వేయాలో అది తెర మీద చూపిస్తుందట. ఆ లెక్కలు ఇంతవరకూ ఉన్నది ఒక్క చోటే, మాస్టారి బుర్రలో.

"అవి కాస్తా చెప్పేస్తే, ఇక షాపులో నా స్టూలు ఉంటుందా?" అని ఆ రాత్రి మాస్టారు భార్యను అడిగాడు.

"స్టూలుకేం, దానికి నాలుగు కాళ్లున్నాయి. మీరు చూసుకోండి" అంది ఆవిడ.

మర్నాడు కోడలు ల్యాప్‌టాప్ తెచ్చుకుని పక్కన కూర్చుంది. తెర మీద ఉన్నది అచ్చం వెబ్ పేజీలాగే ఉంది. షాపులో నెట్ రోజుకి పదిసార్లు పోతుంది కదా, అప్పుడేం చేస్తావని అడిగాడు.

"దీనికి నెట్ అక్కర్లేదు బాబాయ్. పేజీనీ, దాన్ని తెరిచే బ్రౌజర్‌నీ కలిపి మూటకట్టి ఈ కంప్యూటర్లోనే పెట్టేస్తాను. మామూలు ప్రోగ్రాంలాగే తెరుచుకుంటుంది."

"అంటే భోజనానికి వస్తూ పొయ్యి కూడా నెత్తిన పెట్టుకొచ్చావన్నమాట."

"మా ఆఫీసులోనూ ఇలాగే ఏడిపిస్తారు" అని ఆమె నవ్వింది.

"అంత పెద్ద మూటలో ఇంకేం దాచావో."

మాస్టారు కూడా నవ్వుతూనే అన్నాడు. కానీ అది నవ్వులాటకి అన్నది కాదు.

ఆమె తెర మీద ఒక గడి చూపించి ఇదేం రంగని అడిగింది. తెలుపే, కానీ పసుపు కొడుతోందన్నాడు. తెలుపునే సరిగ్గా చూపించలేని పెట్టె ఇక రంగులేం కలుపుతుందని దెప్పాడు కూడా. ఆమె తెర వైపోసారి, ఆయన కళ్ల వైపోసారి చూసింది. ఏదో టైపు చేసుకుంది.

తర్వాత నాలుగు రోజులపాటు ఒక్కో రంగూ అడుగుతూ లెక్కలు ఎక్కించుకుంది. మాస్టారు ఓపిగ్గా చెప్పాడు. నీలం పడే ప్రతి రంగులోనూ నీలం ఒక చుక్క తగ్గించి చెప్పాడు. ఆ తేడా కాగితం మీద ఎవరికీ తెలియదు. గోడ మీద తెలుస్తుంది. కొన్నవాళ్లు డబ్బాలు మోసుకొచ్చి యజమాని ముందు పెడతారు. అప్పుడు తన దగ్గరికే రావాలి.

ప్రోగ్రాం రంగులు కలిపే బల్ల మీది కంప్యూటర్లోకి వచ్చింది. తెర మీద చిన్న బొమ్మ, దాని కింద పేరు: 'మాస్టారు'.

పేరు కూడా లాగేసుకున్నారనుకున్నాడు.

ఆ రోజు నుంచి తెర చెప్పినన్ని చుక్కలే వేశాడు. ఒక్కటి ఎక్కువ వేయలేదు. కలిపిన ప్రతి డబ్బా ఆయన కంటికి పసుపు కొడుతూనే ఉంది. చూసినప్పుడల్లా కడుపు చల్లబడేది. ఇదివరకు రంగు పేరు, తేదీ మూత మీద పెన్సిల్‌తో తనే రాసేవాడు. ఇప్పుడు ప్రింటరు నుంచి చీటీ వస్తోంది, కోడలు అంటిస్తోంది.

వారం గడిచింది. రెండు గడిచాయి. నెల కావచ్చింది.

ఒక్కరు కూడా గొడవకి రాలేదు. రంగులు కలిపే చోటు షాపు వెనక భాగంలో ఉంటుంది. ముందు కౌంటర్లో గొంతు కాస్త పెరిగితే చాలు, మాస్టారు చెవులు రిక్కించేవాడు. ఎవరో అడ్రసు అడిగేవారు, అంతే.

డబ్బాలు వాపసు రాకపోవడమనేది ఉండదు. వచ్చినవి వచ్చినట్టే ఎక్కడో మాయమవుతున్నాయనుకున్నాడు. మెట్ల కింద గది తాళంచెవి మేకు మీద కనబడక చాలా కాలమైంది.

ఒక మధ్యాహ్నం కీబోర్డు మీద రంగు మరకలు తుడుస్తుంటే పై వరసలో ఏదో మీట నొక్కుకుంది. ప్రోగ్రాం పక్కకి జరిగి, దాని లోపలి రాతంతా బయటపడింది. పని సరిచూసుకోవడానికి పెట్టుకున్న ఆ దారిని మూసేయడం కోడలు మర్చిపోయింది. అర్థంకాని ఇంగ్లిషు వరసల మధ్య తెలుగులో ఒక వాక్యం, తన కోసం రాసుకున్నది:

'మెట్ల కింద డబ్బాలతో పోల్చి చూడాలి. మాస్టారికి తెలియనివ్వకూడదు.'

ఆమె భోజనానికి వెళ్లేదాకా ఆగాడు. సొరుగులో తాళంచెవి దొరికింది.

గది నిండా డబ్బాలే. కింద నుంచి భుజాల ఎత్తు దాకా ఉన్నాయి. ప్రతి డబ్బాకీ దారంతో కట్టిన చీటీ, మీద కోడలి అక్షరాలు. మాస్టారికి నవ్వు ఆగలేదు. ఇంత నాటకం ఆడిందన్నమాట. ఈ గది యజమానికి చూపిస్తే చాలు, ఆ ప్రోగ్రాం పోతుంది, స్టూలు మిగులుతుంది.

ఒక డబ్బా తీసుకుని వెలుతురులోకి వచ్చి చీటీ చదివాడు.

'వాపసు. నీలం ఎక్కువైందట.'

నవ్వు ఆగింది. తను తగ్గించి కదా చెప్పాడు.

ఇంకో చీటీ చూశాడు. 'నీలం ఎక్కువ.' ఇంకోటి. అదే మాట.

చొక్కా అంచుతో ఆ మూత మీది దుమ్ము తుడిచాడు. దాని పక్కది తుడిచాడు. వరసంతా తుడిచాడు.

ప్రతి మూత మీదా తన పెన్సిల్ రాతే ఉంది. తను అబద్ధం చెప్పిన లెక్కతో కలిపి ప్రింటరు చీటీ అంటించిన డబ్బా ఆ గదిలో ఒక్కటి కూడా లేదు.