పెంటకుప్ప వేడి

కుప్పలో దిగేసిన గడ్డపారను ముసలామె పైకి లాగి మొన పట్టుకుంది. చల్లగా ఉంది.

మొన్న కాలింది. నిన్న గోరువెచ్చగా ఉంది. పుష్యమాసపు గాలి మూడు రోజులుగా ఆగలేదు. ఎల్లుండి భూముల లెక్క చూసే గిర్దావరు వస్తాడు.

అది 1948. హుజూర్‌నగర్ చుట్టుపక్కల ఊళ్ల జనం రజాకార్లకు భయపడి కృష్ణ దాటి పోతున్నారు. ఆ ఊళ్లో పోయినవాళ్ల భూమిని దొర పేర రాస్తున్నారు. ముసలివాళ్లు వాకిట్లో కూర్చుంటే లెక్కకు రాదు. సేద్యం చేసే మనుషులుండాలి, గొడ్లుండాలి. గొడ్లు మేతకు పోయాయని అందరూ చెబుతారు. అందుకని గిర్దావరు పెంటకుప్పలో చెయ్యి పెట్టి చూస్తాడు. రోజూ పెండ పడే కుప్ప చలికాలంలోనూ వేడిగా ఉంటుంది. చల్లారిందంటే కొట్టం ఖాళీ అని అర్థం.

ఈ ఇంటివాళ్లు ఎడ్లను తోలుకుని కార్తీకంలోనే పోయారు. ముసలామె మిగిలింది.

దొర బర్రెలు కాసే సైదులు తట్ట దించాడు. అడుగున రెండు దోసిళ్ల పెండ ఉంది.

"గింతేనారా?"

"బర్రెలను వాగవతలికి తోలిన్రు పెద్దమ్మా. దొర బర్రెల పెండతోని దొరకే టోపీ పెడ్తున్నవ్. తెలిస్తే నా తోలు ఒలుస్తరు."

"నీ తోలు ఎవనికి కావాలెరా, చెప్పులకు గూడ పనికిరాదు."

"నాలుగెకరాలకు గింత తండ్లాటనా?"

"గా నాలుగెకరాలు పోతే మా ఇంట్ల పొయ్యి రాజదు. మాటలు ఆపి పార పట్టు."

ఇద్దరూ కుప్పంతా తిరగేశారు. కానుగ రొట్ట, పచ్చి తంగేడు కోసుకొచ్చి పొరలుగా వేశారు. ముసలామె తాను తాగాల్సిన గంజి కుప్ప మీద పోసింది. జొన్నచొప్ప పరిచి, పైన తన గొంగడి కప్పింది.

"కుప్పకు గొంగడా! మరి నువ్వేం కప్పుకుంటవే?"

"దాన్నే ఆనుకొని ఒరుగుత."

మూడోనాడు పొద్దున్నే ముసలామె గొంగడి తీసి భుజాన వేసుకుంది. మధ్యాహ్నం గిర్దావరు గుర్రం దిగాడు. ఊళ్లో అందరినీ ఎరిగిన పట్వారీ జ్వరమని దొర గడిలో పడుకుని, పేర్లున్న కాగితం మాత్రం పంపాడు.

"నాగులమ్మ ఎవరు?"

ముసలామె నేల మీది చొప్ప ఏరుతూనే ఉంది.

"చెవులు వినపడయా?"

"నేనే, బాంచెన్."

"కొడుకేడి?"

"చెల్కకు పోయిండు. ఎడ్లు గూడ వానితోనే."

"అందరిదీ గిదే పాట. సరే, జర నీళ్లియ్యి."

ఆమె గుమ్మం వైపు చూసింది. కదల్లేదు.

"కుండ ఒడిసింది దొరా. కోడలు బాయికి పోయింది."

గిర్దావరు నవ్వాడు. "కొడుకు లేడు, ఎడ్లు లేవు, నీళ్లు గూడ లేవు. నోటి మాట నేను నమ్మ. జరుగు."

చొప్ప లాగి, చేతిని మోచేతి దాకా కుప్పలోకి దించాడు. ముసలామె అతని ముఖమే చూస్తోంది. రెండు రోజులుగా ఆమె ఏమీ తినలేదు. గోడ పట్టుకుని నిలబడింది.

గిర్దావరు చెయ్యి గబుక్కున బయటికి లాగి విదిలించాడు.

"అబ్బ, కాలుతాంది!"

చొప్పతో చెయ్యి తుడుచుకున్నాడు. కాగితం మీద నాగులమ్మ పేరు పక్కన ‘హాజర్’ అని రాసి గుర్రమెక్కాడు.

గుర్రం కనుమరుగయ్యాక, నాగులమ్మ పేరుకు పలికిన ముసలామె పుష్పమ్మ కుప్ప మీద చొప్ప సర్ది, ముప్పై ఏళ్లుగా పేడ ఎత్తుతున్నా ఒక్కసారి కూడా తనను గడప దాటనివ్వని ఆ ఇంటి పెరడు ఊడ్చి, ఊరి బయట మాదిగవాడలోని తన గుడిసెకు నడిచింది.