దిబ్బ మీద కాపలా

కుందేళ్ల పచ్చికలో నక్క బెడద ఎక్కువైంది. పెద్ద కుందేలు చెవులయ్య అందరినీ పోగేసి, "దిబ్బ మీద కాపలా కాసేవాళ్లకు నెమలీక ఇస్తాను. జీతం లేదు, గౌరవం ఉంది" అన్నాడు. ఐదుగురు ముందుకొచ్చి, ఈకలు చెవిలో పెట్టుకుని మురిసిపోయారు.

వారం తిరిగేసరికి నాలుగు ఈకలు వెనక్కొచ్చాయి.

"ఈ కాలం పిల్లలకు సేవాభావం లేదు" అని చెవులయ్య విసుక్కున్నాడు.

ఐదో ఈక దూదమ్మది. దాన్నీ తెచ్చి ఆయన ముందు పెట్టి, "రేపొక్కరోజు మీరు కాయండి పెదనాన్నా. తర్వాత తిడుదురుగాని" అంది.

చెవులయ్య దిబ్బెక్కాడు. నక్క కనబడగానే వెనక్కాలితో నేలను దబదబా కొట్టి అందరినీ బొరియల్లోకి తోలాడు. పొద్దువాలాక దిగివచ్చి చూస్తే లేత గడ్డి అంతా అయిపోయింది, ముదురు కాడలే మిగిలాయి. పైగా ఎవరో, "మేత మధ్యలో పరిగెత్తించాడు" అని సణిగారు.

దూదమ్మ గుప్పెడు లేత గరిక తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"మీకోసం దాచాను. మాకెవరూ దాచలేదు."

చెవులయ్య తలొంచుకుని తిన్నాడు. మర్నాటి నుంచి కాపలావాళ్ల వాటా తీసి పక్కన పెట్టాకే మిగతావాళ్లు మేత మొదలుపెట్టాలన్నాడు.

ఆ వారం కాపలాకు పదకొండుమంది వచ్చారు. ఈకలు ఐదే ఉన్నాయి. వాటి సంగతి ఎవరూ అడగలేదు.