నాలుగో వాటా

“నాలుగో వాటా కూడా వేసెయ్,” అన్నాడు ఫోర్‌మన్.

క్లర్కు పెన్ను ఆపి అతనికేసి చూశాడు. బిల్లు వెనక అప్పటికే మూడుతో భాగించేశాడు. తిన్నది ముగ్గురు, వాటాలు నాలుగు. ఏ బళ్లో చెప్పారీ లెక్క? అయినా మూడో అంకె కింద నాలుగోది కూడా వేశాడు. ఎదురుగా ఉన్న వెల్డర్ మంచినీళ్లు తాగే వంకతో మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఖాళీగా ఉన్న నాలుగో కుర్చీ బక్కోడిది.

నలుగురిదీ ఒకే ఫ్యాక్టరీ. జీతాలొచ్చిన శనివారం మధ్యాహ్నం కలిసి హోటల్లో తినడం ఏళ్ల తరబడి అలవాటు. బక్కోడంటే నిజంగా బక్కోడే, గాలి గట్టిగా వీస్తే గోడ పట్టుకునే మనిషి. నోరు మాత్రం పెద్దది. బిల్లు రాగానే, నేను కాఫీ తాగలేదు, నా వాటాలో తగ్గించు అని క్లర్కుని ఏడిపించేవాడు. చిల్లరతో సహా తేల్చితే గానీ క్లర్కుకి తిన్నది అరగదు. ఇద్దరికీ రాజీ చేసి టిప్పు పెట్టేది ఫోర్‌మన్. బక్కోడూ అతనూ ఒకే రోజు పనిలో చేరినవాళ్లు. ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునే చనువు.

ఆ మనిషి లేకుండా ఎనిమిది నెలలు గడిచిపోయాయి.

మిషను రిపేరులో ఉన్నప్పుడు కరెంటు పెట్టెకి తాళం వేసి, చెవి జేబులో పెట్టుకోవాలి. లేకపోతే ఎవరో ఒకరు తెలియక స్విచ్చి వేస్తారు. ఆ రోజు తాళం వెయ్యాల్సింది ఫోర్‌మన్. ఫోన్లో మాట్లాడుతూ మర్చిపోయాడు. ఎవరో స్విచ్చి వేశారు. షెడ్డు సగం తగలబడింది. ఆ దెబ్బకి పోయింది బక్కోడొక్కడే.

ఆ రోజు తాళంచెవి బక్కోడి దగ్గరే ఉందని మేనేజరు ఒక కాగితం టైపు చేయించి తెచ్చాడు. ఫోర్‌మన్‌కి ఇంట్లో ఇద్దరు పిల్లలు, మంచం దిగలేని తల్లి. కళ్లు మూసుకుని సంతకం పెట్టేశాడు.

అప్పటినుంచి బక్కోడు అతన్ని వదల్లేదు. షెడ్డు చివరి లాకరులో వాడి చొక్కా ఇంకా వేలాడుతూనే ఉంది. అటు వెళ్లాలంటే ఫోర్‌మన్‌కి కాళ్లు రావు. మాట మొదలుపెట్టే ముందు రెండుసార్లు గొంతు సవరించుకోవడం బక్కోడి అలవాటు. ఆ చప్పుడు పట్టపగలు, మిషన్ల హోరులో వినిపిస్తుంది. స్నానాల గదిలో వినిపిస్తుంది. పిల్లకి లెక్కలు చెబుతుంటే వీపు వెనక వినిపిస్తుంది. వెనక్కి తిరిగితే ఎవరూ ఉండరు. బక్కోడి భార్యకి ఫోన్ చేస్తే ఆవిడ ఎత్తదు. ఇంటికి వెళ్దామంటే ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు?

మూడు నెలల కిందట ఫోర్‌మన్ హోటలు మార్పించాడు. పాత హోటలు ఫ్యాక్టరీ గేటు ఎదురుగానే ఉండేది. ఇక్కడికి రెండు బస్సులు మారాలి, తీరా వస్తే తిండి కూడా అంతంతమాత్రం. ఇంత దూరం ఎందుకన్నా అని వెల్డర్ మొదటి నెల అడిగాడు. రెండో నెల నుంచి అడగలేదు.

బిల్లు మూడు వాటాల్లోనే తీరిపోతుంది. నాలుగోది బక్కోడి పేరు చెప్పి ఫోర్‌మన్ తీస్తాడు. అది టిప్పు.

క్లర్కుకి ఇది ఏమాత్రం నచ్చదు. మంగలికి ఇంత, మూటలు మోసినవాడికి ఇంత, హోటల్లో వందకి పది, దేనికి ఎంతో లోకంలో ఒక పద్ధతుంది అంటాడు. పైగా పోయిన నెల పరువు పోయింది. వీళ్లు మెట్లు దిగుతుంటే సర్వర్ గుమ్మం దాకా వచ్చి, మర్చిపోయారు సార్ అని నోట్లు ఫోర్‌మన్ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత వారం రోజులు ఫోర్‌మన్‌కి అన్నం సయించలేదు. బక్కోడే తన డబ్బు ముట్టనన్నట్టు అనిపించింది.

ఈసారి అతను జేబులోంచి కవరు తీశాడు. ఏడాది బోనసు మొత్తం అందులోనే ఉంది. బిల్లు పళ్లెంలో పెట్టి, మీద అరచెయ్యి ఆనించాడు.

“పోయినవాడి వాటా టిప్పుల్లో తీరదన్నా,” అన్నాడు వెల్డర్ మెల్లగా.

“నాకు తెలిసిన దారి ఇదొక్కటేరా.”

అప్పుడు వినిపించింది. వీపు వెనక, దగ్గరగా, గొంతు సవరించుకున్న చప్పుడు. ఒకసారి. ఇంకోసారి.

ఫోర్‌మన్ కవరు మీంచి అరచెయ్యి తీశాడు. ఈసారి అది తన బుర్రలో పుట్టిన చప్పుడు కాదు, వెల్డర్ కూడా విన్నాడు. క్లర్కు చేతిలో పెన్ను జారి కింద పడింది. ఎవరూ తీయలేదు.

పళ్లెం కోసం ఒక చెయ్యి ముందుకొచ్చింది. ఫోర్‌మన్ తల ఎత్తలేదు. ఈ హోటల్లో అతను ఏనాడూ తల ఎత్తలేదు.

“ఇది తీసుకుంటే గానీ నాకు కంటిమీద కునుకు రాదు,” అన్నాడు ఆ చేతికేసి చూస్తూ.

“డబ్బు వద్దురా,” అన్నాడు సర్వర్, మొదటిసారి సార్ అనకుండా, “తాళం మర్చిపోయింది నువ్వేనని ఆఫీసులో ఒక్క మాట చెప్పు చాలు, ఊడిన నా ఉద్యోగం నాకొస్తుంది, ఈ బక్కోడు మళ్లీ మీ పక్కన కూర్చుని తన వాటా తనే కట్టుకుంటాడు.”