పెద్దకోడలి ఏడుపు

"పెద్దకోడలిని చంపేసింది ఆ రెండో అమ్మాయే," అని తేల్చేసింది కుట్టుపనావిడ.

హాలంతా నవ్వింది. వెనక వరసలో కూర్చున్న మఫ్లరావిడ మాత్రం నవ్వలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మెడ తడుముకుంది.

పద్నాలుగేళ్లు మధ్యాహ్నం పూట వచ్చిన సీరియల్ అది. ఆ అరగంటా ఎవరూ పొయ్యి మీద పాలు పెట్టేవారు కాదు. పెడితే పొంగి పోవాల్సిందే. అది ఆగిపోయి ఇన్నేళ్లయినా మరిచిపోలేనివాళ్లంతా ఆ ఆదివారం లైబ్రరీ హాల్లో చేరారు. పిలిచింది రిటైరైన బస్సు కండక్టరు. పాత అలవాటు పోక, వెనకాల ఖాళీ ఉంది, లోపలికి జరగండంటూ అందరినీ సర్దుతున్నాడు. మఫ్లరావిడ గుమ్మంలోనే గొంతు చూపించి, మాట్లాడలేనని సైగ చేసింది. ఆయన జాలిపడి ఆవిడకు టీ బదులు వేడినీళ్లు తెప్పించాడు. ఇంత ఎండలో ఆ మఫ్లరేమిటని ఎవరూ అడగలేదు.

కథలో పెద్దకోడలు ఒక్కతే. ఆ వేషం కట్టినవాళ్లు ముగ్గురు. అందుకే ఈ అభిమానులు ఆ సీరియల్‌ను రాజుల చరిత్రలా మూడు కాలాలు చేసుకున్నారు. మొదటి కోడలి కాలం బంగారం. మూడో కోడలి కాలం ఏదో పరవాలేదు, చివరిదాకా లాక్కొచ్చింది. నడుమ వచ్చిన రెండో కోడలి కాలం పట్టుమని మూడు నెలలు లేదు. దాని ఊసెత్తితే మాత్రం ఇప్పటికీ అందరూ పళ్లు నూరుతారు.

"ఇల్లదే, అత్తగారు ఆవిడే, కథ రాసేవాడూ వాడే. మారింది ఆ అమ్మాయొక్కతే కదా," అంది కుట్టుపనావిడ. "మొగుడు పోయిన సీను గుర్తుందా? కళ్లల్లోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, మనకేమో చీమ కుట్టినట్టయినా లేదు. నేను గుండీలు కుట్టుకుంటూ విన్నాను. ఒక్క కుట్టు తప్పిపోతే ఒట్టు."

మఫ్లరావిడ ఆ సీను మరిచిపోతే కదా.

మొదటి కోడలంటే ఆవిడకు ప్రాణం. పురిటికి వెళ్లిన మనిషి తిరిగి వచ్చేలోపు ఆ చోట్లో కొత్తమ్మాయిని తెచ్చి నిలబెట్టారని తెలిసిన రోజున ముద్ద దిగలేదు. తెర మీద ఆ పిల్ల ముఖం కనబడితే చాలు, ఒళ్లు మండేది. ఎలాగైనా నిలవనివ్వకూడదనుకుంది. నిలవనివ్వలేదు. కొత్తమ్మాయిని పంపేస్తే పాతామెను పిలుస్తారని ఆశ. తానొకటి తలిస్తే దైవమొకటి తలచినట్టు, మూడో ఆమెను తెచ్చారు. మొదటి కోడలు బిడ్డను చూసుకుంటూ ఇంటిపట్టునే హాయిగా ఉండిపోయింది. రెండో ఆమెను మాత్రం మళ్లీ ఎవరూ ఏ వేషానికీ పిలవలేదు.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఎవరికి చెప్పాలో వాళ్లకే చెప్పాలి. ఆ రెండో కోడలు ఇవాళ వస్తుందని తెలిసే మఫ్లరావిడ ఇక్కడికి వచ్చింది. అందరూ వెళ్లిపోయాక ఓ పక్కకు పిలిచి, చెవిలో చెప్పి, క్షమించమని అడిగి వెళ్లిపోదామని.

అనుకున్నట్టుగానే రెండో కోడలు వచ్చింది. ఇప్పుడు కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తోందట. ఓ మూల కూర్చోబోతే కండక్టరు ఒప్పుకోలేదు, అందరికీ ఎదురుగా కుర్చీ వేశాడు. అప్పటిదాకా ఆమెను ఉతికి ఆరేసినవాళ్లంతా బిస్కెట్లు నములుతూ నేల చూపులు చూశారు. కుట్టుపనావిడకు అలాంటి మొహమాటాలు లేవు.

"ఏమీ అనుకోకమ్మా. ఆ సీన్లో అంత చప్పగా ఎలా ఏడ్చావు?"

రెండో కోడలు చిన్నగా నవ్వింది.

"సెట్లో బాగానే ఏడ్చాననుకున్నానండీ. మా నాన్న పోయిన నెల అది. కెమెరా ఆయన కూడా కళ్లు తుడుచుకున్నాడు. తీరా టీవీలో చూసుకుంటే నాకూ రాయికీ తేడా లేదు. పక్కన కూర్చుని చూసిన అమ్మకు కూడా కన్ను తడవలేదు. ఈ విద్య నాకు లేదని అప్పుడే అర్థమైంది. మొన్న అమ్మ పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవలేదండీ. నేనేడిస్తే బాగోదు కదా."

కండక్టరే తేరుకుని, ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్లే ఎక్కువైన ఈ రోజుల్లో తప్పంతా తన మీదే వేసుకున్న మనిషిని ఈవిడనే చూశానని మెచ్చుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు మఫ్లరావిడకు చెంపదెబ్బల్లా తగిలాయి. తల్లి శవం దగ్గర కూడా ఆ పిల్లను ఏడవనివ్వకుండా చేశానే అనుకుంది. ఇక చెవిలో చెప్పి లాభం లేదు. నలుగురిలో పోయిన పరువు చాటుగా తిరిగి ఇస్తే చెల్లదు. చెబితే ఈ జనం తనను ఏమంటారో తెలుసు. వేడినీళ్ల గ్లాసు కింద పెట్టి లేచింది. మఫ్లరు విప్పి కుర్చీ మీద వేసింది.

"ఆ రోజు ఆ అమ్మాయి బాగానే ఏడ్చింది," అంది. "కావాలని చప్పగా ఏడ్చింది నేను."

తలలన్నీ ఒక్కసారిగా వెనక్కి తిరిగాయి, ఎందుకంటే పద్నాలుగేళ్ల పాటు ముగ్గురు పెద్దకోడళ్లూ తెర మీద మాట్లాడింది ఆ గొంతుతోనే.