ఆకాశానికి హద్దురాళ్లు

“ఆకాశం మూసిన్రవ్వా,” అంది స్నేహలత.

ఆర్మూర్ బస్టాండు ఎదురుగా ఉన్న ట్రావెల్స్‌లో టికెట్లు బుక్ చేసే పిల్ల ఆమె. వెంకవ్వకు ముందు అర్థం కాలేదు. పసుపు మార్కెట్లో కొమ్ములు ఏరి ఏరి పచ్చబడ్డ వేళ్లతో బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

దారి మధ్యలో ఉన్న రెండు దేశాలకు పడటం లేదట. తమ మీదుగా ఏ విమానమూ పోకూడదని హుకుం వేశాయట. కొన్న టికెట్ కాస్తా రద్దయింది.

“భూమికంటే హద్దురాళ్లుంటయి బిడ్డా. ఆకాశంల ఎవలు పాతిన్రు?”

స్నేహలత కంప్యూటర్ వైపు తిరిగి వేరే దారి వెతకసాగింది.

వెంకవ్వకు కావలసింది ఒక్క సీటు. బేస్తవారం పొద్దున ఒక గల్ఫ్ దేశపు కోర్టులో నిలబడి, రాకేష్‌కు ఉరి వద్దని చెప్పాలి. ఆ మాట రాయించిన కాగితం పంపితే చెల్లలేదు. తల్లే స్వయంగా రావాలన్నారు. రాకపోతే ఉరే.

రాకేష్‌కు ఇరవై మూడేళ్లు. తాగిన మైకంలో, తన గదిలోనే ఉండే ఇంకో పనివాణ్ణి తోసేశాడు. ఆ మనిషి మెట్ల మీద నుంచి పడి మళ్లీ లేవలేదు.

ఊళ్లో ఆమె మొహం చూసేవాళ్లు కరువయ్యారు. మార్కెట్లో పక్కన కూచునే ఆడవాళ్లు ఎడంగా జరుగుతున్నారు. భర్త భోజన్న అయితే ఆమె ఆ కాగితం మీద వేలిముద్ర వేసిన రోజు నుంచి మాటలే మానేశాడు. పెట్టింది తిని గోడ వైపు తిరిగి పడుకుంటాడు. పెద్ద పెద్ద సర్కార్లు కొట్లాడుకుంటే ఒక బీద పిల్లవాడి మెడ మీదికి రావడం ఏం న్యాయమో వాళ్లకే తెలియాలి.

బుధవారం తెల్లారగానే స్నేహలత ఫోన్ చేసింది. ఒక దేశం మధ్యాహ్నం తర్వాత నాలుగు గంటల పాటు దారి ఇస్తుందట. వెంకవ్వ కట్టుబట్టలతో కారెక్కింది. భోజన్న గడప దాటి రాలేదు.

శంషాబాద్‌లో ఇమిగ్రేషన్ ఆఫీసర్ పాస్‌పోర్టు తిప్పి తిప్పి చూశాడు. చదువు రాని ఆడమనిషి. విజిట్ వీసా. వెంట ఎవరూ లేరు. ఇలాంటి వాళ్లను ఇంటిపనికని తీసుకెళ్లి అమ్మేసే ఏజెంట్లను అతను చాలామందినే చూశాడు. ముద్ర పక్కన పెట్టేశాడు. అవతల విమానానికి ఆఖరి పిలుపు వినిపిస్తోంది.

వెంకవ్వ బల్ల మీదికి వంగింది. కొంగుముడి విప్పి రాకేష్ ఫోటో చూపించింది.

“గీ పిల్లగానికి ఉరి పడతది సారూ. నేను పోయి వద్దని చెప్పాలె.”

ఆఫీసర్ మొహం మెత్తబడింది. ముద్ర మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

“నీ కొడుకా అమ్మా?”

అవునంటే సరిపోయేది. వెంకవ్వ ఫోటో వైపు చూస్తూ తల అడ్డంగా ఊపింది.

“కాదు సారూ, ఈడు తోస్తే మెట్ల మీదికెల్లి పడ్డోడు నా కొడుకు.”